పిల్లల పద్దు: కతోలిక మహిళా దాతృత్వ సంఘాల చరిత్ర

కతోలిక శ్రీసభలో మఠప్రవేశం చేయని స్త్రీలు, అంటే గృహిణులు, వితంతువులు, పెళ్ళికాని ఆడపిల్లలు, ఒక విచారణలోనో (ఒక గురువు చూసే గుడి పరిధి) ఒక పట్నంలోనో కూడి, దిక్కులేని పిల్లల కోసం డబ్బు పోగుచేసి, ఆ డబ్బును తమ చేతులమీదుగానే ఖర్చుపెట్టే సంఘాలను కతోలిక మహిళా దాతృత్వ సంఘాలంటారు. మఠకన్యల సభలు వేరు, ఇవి వేరు. మఠకన్య వ్రతం పట్టి జీవితమంతా సేవకే ఇచ్చేస్తుంది. సంఘంలోని స్త్రీ పొద్దున ఇంట్లోవాళ్ళకు వండిపెట్టి, మధ్యాహ్నం సంఘం పుస్తకం తెరుస్తుంది. చరిత్రలో ఈ రెండూ చాలాసార్లు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నడిచాయి. ఒకరు నిధి కూర్చితే ఇంకొకరు బిడ్డను ఎత్తుకున్నారు.

ఆకలితో ఉన్న పసివాణ్ణి చూస్తే ఎవరికైనా మనసు కరుగుతుంది. ఆ పూటకు పిడికెడు అన్నం పెట్టేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా దొరుకుతారు. రేపటికి ఎవరు పెడతారు? వచ్చే నెల పాలఖర్చు ఎవరిది? వాడికి పన్నెండేళ్ళు వచ్చి ఒక పని నేర్చుకునేదాకా ఆ ఖర్చు ఏ పద్దు కింద రాయాలి? నాలుగు వందల ఏళ్ళుగా ఈ సంఘాలు తలపట్టుకున్నది ఈ ప్రశ్నల మీదే. అందుకే వీటి చరిత్ర చెప్పేటప్పుడు ప్రార్థనలతో పాటు తాళంచెవులు, చందా పుస్తకాలు, తూకాలు, రసీదులు కూడా చెప్పుకోవాలి.

ఎండలో దారి పొడుగునా

ఫ్రాన్సులో లియోన్ నగరానికి ఉత్తరాన షాటియోన్-లే-దోంబ్ అనే చిన్న పట్నం ఉండేది. ఇప్పుడు దాన్ని షాటియోన్-సుర్-షలారోన్ అంటున్నారు. 1617లో ఆ విచారణకు కొత్తగా వచ్చిన గురువు విన్సెంట్ డి పాల్. ఆగస్టులో ఒక ఆదివారం ఆయన పూజావస్త్రాలు వేసుకుంటూ ఉండగా ఒకావిడ వచ్చి, ఊరికి కాస్త దూరంలో ఒక ఇంట్లో అందరూ జబ్బుపడ్డారని, ఒకరినొకరు చూసుకునే ఓపిక కూడా ఎవరికీ లేదని చెప్పింది. ఆ సంగతి ఆయన ప్రసంగంలో జనానికి చెప్పాడు. సాయంత్రపు ప్రార్థన అయ్యాక తానూ బయల్దేరితే దారంతా ఆడవాళ్ళే. కొందరు వెళుతున్నారు, కొందరు తిరిగి వస్తున్నారు. ఎండ మండిపోతుంటే మరికొందరు దారిపక్కన కూలబడి అలుపు తీర్చుకుంటున్నారు. చూడడానికి ఊరేగింపులా ఉంది. ఆ ఇంటికి అవసరానికి మించి తిండి చేరింది.

ఆ దృశ్యం చూసి ఇంకెవరైనా కళ్ళనీళ్ళు పెట్టుకుని ఊరుకునేవారేమో. విన్సెంట్ లెక్క వేశాడు. వచ్చిన తిండి ఒక్కరోజులో తినేది కాదు, మిగిలింది పాడైపోతుంది, రెండు రోజులు పోతే మళ్ళీ పస్తే. ఊళ్ళో దయకు కొరత లేదు, దానికొక వరస లేదు, అంతే. ఆగస్టు 23న కొందరు స్త్రీలను కూర్చోబెట్టి వంతులు వేశాడు. నవంబరు 24న లియోన్ అగ్రపీఠం నియమావళిని ఆమోదించింది. డిసెంబరు 8న సంఘం లాంఛనంగా మొదలైంది. దాతృత్వ సోదరీ సంఘాలన్నిటికీ అదే తల్లివేరు.

ఆ నియమావళి ఇప్పటికీ చదవదగ్గది. విరాళాల పెట్టెకు వేరువేరు తాళాలు రెండు. ఒక చెవి అధ్యక్షురాలి దగ్గర, ఇంకొకటి కోశాధికారిణి దగ్గర. ఇద్దరూ ఉంటేనే పెట్టె తెరుచుకుంటుంది. రాత్రివేళ హఠాత్తుగా అవసరం పడితే ఇబ్బంది లేకుండా కోశాధికారిణి ఒక్క నాణెం మాత్రం బయట ఉంచుకోవచ్చు. రోగికి ఎన్ని ఔన్సుల మాంసం వండాలో, ఉపవాస దినాల్లో బదులుగా ఏం పెట్టాలో కూడా రాసి ఉంది. వడ్డన గురించి రాసిన భాగం అన్నిటికన్నా మనసుకు పట్టేది. రోగిని నవ్వుతూ పలకరించాలి. మంచం మీద పీటలాంటిది పెట్టి, దాని మీద గుడ్డ పరవాలి. గిన్నె, చెంచా, రొట్టె అమర్చి, రోగి చేతులు కడిగించి, అప్పుడు వడ్డించాలి. ఒక పూటలో చాలామంది ఇళ్ళకు వెళ్ళవలసి వస్తే, తోడున్నవాళ్ళ ఇంటికి ముందు వెళ్ళి, ఎవరూ లేని ఒంటరి మనిషి దగ్గరికి చివర వెళ్ళాలి. అలా వెళితే అక్కడ ఇంకాసేపు కూర్చునే వీలుంటుంది. వంటింటి అనుభవం ఉన్న ఆడవాళ్ళతో మాట్లాడి రాసిన నియమమని చదవగానే తెలిసిపోతుంది.

పెళ్ళయినవాళ్ళు భర్త అనుమతితో, కానివాళ్ళు తల్లిదండ్రుల అనుమతితో చేరాలన్న షరతు ఉంది. ఆ కాలంలో పెళ్ళయిన స్త్రీకి సొంత ఆస్తి మీద కూడా పూర్తి హక్కు లేదు. అలాంటివాళ్ళ చేతికి ఊరి నిధి తాళంచెవి ఇవ్వడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. తర్వాత కొన్నిచోట్ల మగవాళ్ళతో, మరికొన్నిచోట్ల మగా ఆడా కలిపి కూడా సంఘాలు పెట్టి చూశారు. కలిపి పెట్టినచోట డబ్బు దగ్గర తగాదాలు వచ్చాయి. స్త్రీలు నడిపిన సంఘాల లెక్కల్లో మాత్రం వేలెత్తి చూపడానికి ఏమీ కనిపించలేదని, అంత జాగ్రత్తగా, అంత నిజాయితీగా నడిపారని విన్సెంట్ 1650లో తన సభ గురువుకు రాసిన ఉత్తరంలో సాక్ష్యం చెప్పాడు.

పారిస్ పసికందులు

షాటియోన్‌లో మొదలైంది రోగుల సేవ. పిల్లల బాధ్యత పారిస్‌లో నెత్తిన పడింది. అక్కడి పెద్ద ధర్మాసుపత్రి ఓతెల్ ద్యూ. గుసో అనే దొరసాని చొరవతో ఆ ఆసుపత్రి రోగుల కోసం 1634లో సంపన్న స్త్రీల సంఘం ఏర్పడింది. ప్రధానమంత్రి రిషెల్యూ మేనకోడలు ఎగియోన్ డచెస్, తర్వాత పోలండు రాణి అయిన లూయీజ్ మరీ ద గొంజాగ్ లాంటివాళ్ళు అందులో ఉన్నారు.

ఆ రోజుల్లో పారిస్ వీధుల్లో, గుడి మెట్ల మీద ఏటా మూడు నాలుగు వందల పసికందులు దొరికేవారు. వాళ్ళను నోత్ర్ దామ్ గుడి దగ్గర లా కూష్ అనే ఇంట్లో ఒక వితంతువుకు, ఇద్దరు పనివాళ్ళకు అప్పగించేవారు. పాలిచ్చే ఆయాలు చాలరు, డబ్బు చాలదు. ఏడుపు ఆపడానికి నల్లమందు కలిసిన మందు మింగించేవారు. కొందరు బిడ్డలను కొద్దిపాటి నాణేలకు బిచ్చగాళ్ళకు అమ్మేసేవారు. జనం జాలిపడాలని ఆ బిచ్చగాళ్ళు పసివాళ్ళ కాళ్ళూ చేతులూ విరిచేవారు. యాభై ఏళ్ళలో ఆ ఇంటి నుంచి బతికి బయటపడిన బిడ్డ ఒక్కరూ కనిపించలేదని విన్సెంట్ వాపోయాడు.

1638లో సంఘం ఆ పని ఎత్తుకుంది. అందరినీ తీసుకునే స్తోమత లేదు. చీట్లు వేసి పన్నెండుమందిని తీసుకున్నారు. ఆ చీట్ల సంగతి చదివినప్పుడల్లా నాకు గుండె ఆగినట్టవుతుంది. పన్నెండుమందిని ఎత్తుకున్న ఆ చేతులే మిగతావాళ్ళను ఆ ఇంట్లోనే వదిలి రావలసి వచ్చింది. కానీ వాళ్ళు అక్కడితో ఆగలేదు. ఆ పన్నెండుమందిని ఒక ఇంట్లో పెట్టి, మేకపాలతో, ఆయాలతో బతికించవచ్చని చూపించారు. 1640 జనవరిలో సమావేశమై దొరికిన బిడ్డలందరినీ తీసుకోవాలని తీర్మానించారు. అప్పటికి వాళ్ళ స్థిరాదాయం ఏడాదికి 1,400 లీవ్రలు (ఆనాటి ఫ్రెంచి డబ్బు) దాటదు, ఖర్చేమో అంతకు ఎన్నో రెట్లు. రాజు 13వ లూయీ 1642లో ఏటా 4,000 లీవ్రలు ఇచ్చే ఏర్పాటు చేశాడు. 1644లో రాజకుటుంబం మరో 8,000 కలిపింది. మిగతాదంతా ఇంటింటికీ తిరిగి పోగుచేసినదే.

బిడ్డలను ఎత్తుకున్నది ఎవరు? దొరసానులు మొదట్లో ఉత్సాహంగా వచ్చినా, కొన్నాళ్ళకు తమ బదులు పనిమనుషులను పంపడం మొదలైంది. డబ్బు ఇవ్వగలరు కానీ పేదవాడి పుండు కడగడం అందరివల్లా కాలేదు. ఆ లోటు తీర్చినవాళ్ళు పల్లెటూరి అమ్మాయిలు. వాళ్ళలో మొదటిది సురెన్ గ్రామపు మార్గరీత్ నాసో. ఆవులు కాసుకుంటూ, అక్షరాల పుస్తకం కొనుక్కుని, దారినపోయేవాళ్ళను ఆపి ఇదేం అక్షరం అని అడిగి చదువు నేర్చుకున్న పిల్ల. ప్లేగు సోకిన స్త్రీని తన పక్కలో పడుకోబెట్టుకుని, 1633లో ఆ రోగంతోనే చనిపోయింది. అదే ఏడాది నవంబరు 29న లూయీజ్ ద మారియాక్ అనే వితంతువు అలాంటి అమ్మాయిలను తన ఇంట్లో చేర్చుకుంది. దాతృత్వ పుత్రికల సభ అలా పుట్టింది. అప్పటినుంచి పని రెండు పాళ్ళయింది. నిధి దొరసానులది, బిడ్డ పుత్రికలది. పల్లెల్లో ఆయాల దగ్గర ఉంచిన పిల్లలు ఎలా ఉన్నారో కన్యస్త్రీలు వెళ్ళి చూసి వచ్చేవారు. జీతం పుచ్చుకుంటున్న ఆయా నిజంగా పాలిస్తోందా, బిడ్డ ఒళ్ళు చేసిందా లేదా అన్నది కళ్ళారా చూస్తేనే తెలుస్తుంది.

1640ల చివర ఫ్రాన్సులో అంతర్యుద్ధం చెలరేగింది. ధరలు పెరిగాయి, విరాళాలు ఎండిపోయాయి, అప్పులు పడ్డాయి. ఇక చేతులెత్తేద్దామని సంఘంలోనే మాట వచ్చింది. విన్సెంట్ అందరినీ పిలిచి ఓటు అడిగాడు. ఇంతకాలం ఈ పిల్లలకు తల్లులుగా ఉన్నారు, ఇప్పుడు వాళ్ళు బతకాలో చావాలో మీరే తీర్పు చెప్పాలి అన్న భావం వచ్చేలా మాట్లాడాడు. ఆ మాటల ముందు వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఈ సంఘం అచ్చువేసిన అభ్యర్థనలు కూడా చెప్పుకోవాలి. 1650 నుంచి కొన్నేళ్ళపాటు, యుద్ధంలో నాశనమైన షాంపేన్, పికార్డీ ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఏ ఊళ్ళో ఎంతమంది పస్తున్నారో, ఎంతమంది అనాథలయ్యారో రాసిన భాగాలను కరపత్రాలుగా వేసి పారిస్‌లో పంచారు. చదివినవాళ్ళు డబ్బు ఇచ్చారు. ఆ ప్రాంతాలకు అలా పంపిన మొత్తం 3,48,000 లీవ్రలకు పైనేనని 1657 జూలైలో సంఘానికి లెక్క చెప్పారు. ఆ ఏడు సంఘం పోషణలో ఉన్న పిల్లలు దాదాపు 400 మంది, ఖర్చు ఆదాయాన్ని కొంచెం మించింది. ఇవాళ స్వచ్ఛంద సంస్థలు పంపే విన్నపాల ఉత్తరానికి ఆ కరపత్రాలే ముత్తవ్వలు.

1670లో 14వ లూయీ ఆ పిల్లల ఇంటిని రాజ్యం ఆసుపత్రుల్లో చేర్చాడు. తర్వాతి శతాబ్దంలో అక్కడికి ఏటా వేలమంది బిడ్డలు చేరారు, వాళ్ళలో ఎక్కువమంది బతకలేదు. తత్త్వవేత్త రూసో తన ఐదుగురు పిల్లలనూ పుట్టగానే ఆ ఇంటికే పంపేశాడు. పసిపిల్లల పెంపకం మీద యూరప్ అంతా చదివిన పుస్తకం రాసినవాడు కూడా ఆయనే.

వారానికొక చిన్న నాణెం

డబ్బున్న స్త్రీలు నలుగురు కలిస్తే నిధి కూడుతుంది. పేద స్త్రీల సంగతేమిటి? లియోన్ పట్టు వ్యాపారి కూతురు పొలీన్ జరికో దానికి దారి వేసింది. 1799లో పుట్టిన ఆమె ఇరవై ఏళ్ళ వయసులో పట్టు మిల్లుల్లో పనిచేసే అమ్మాయిలను పదేసిమంది చొప్పున గుంపులు చేసింది. ఒక్కొక్కరు వారానికి ఒక సూ ఇవ్వాలి. సూ అంటే ఫ్రాన్సులో చాలా చిన్న నాణెం. పదిమందికి ఒక పెద్ద. అలాంటి పది గుంపులకు ఇంకో పెద్ద. పది వందలకు మరో పెద్ద. 1822 మే 3న ఇది విశ్వాస వ్యాప్తి సంఘంగా స్థిరపడి, కొద్ది ఏళ్ళలో దేశాలు దాటింది. ఆ చందాల్లో కొంత విశాఖపట్నం మిషన్‌కు కూడా అందేది. ఆ మిషన్‌లో భాగంగానే 1849లో ఫ్రెంచివారి యానాంలో ఆన్సీ సెయింట్ జోసఫ్ కన్యస్త్రీలు దిగారు. తెలుగు నేల మీద ఆడపిల్లల చదువు కోసం పాటుపడిన తొలి మఠకన్యల్లో వాళ్ళున్నారు.

పొదుపు సంఘాలు చూసిన తెలుగు స్త్రీలకు ఈ పదిమంది లెక్క కొత్తేమీ కాదు. నెల్లూరు జిల్లాలో 1990లలో రోజుకో రూపాయితో మొదలైన పొదుపు కూడా ఇలాంటి పట్టుమీదే నిలబడింది. మొత్తం చిన్నదైతే ఎవరికీ భారం కాదు. పక్కింటావిడ ఇచ్చినప్పుడు మనం ఇవ్వకపోతే బాగుండదు. పదిమంది లెక్క పదిమందికీ తెలుసు. వంట బియ్యం కొలిచేటప్పుడు ఒక గుప్పెడు పక్కన తీసి గుడికి ఇచ్చే అలవాటు తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో తరతరాలుగా ఉంది. జరికో పేరు విననివాళ్ళు కూడా ఆమె కిటుకును వంటింట్లోనే కనిపెట్టారు.

నాన్సీ పీఠాధిపతి ఫోర్బిన్-జాన్సన్ జరికోతో మాట్లాడాక 1843లో పవిత్ర బాల్య సంఘం పెట్టాడు. ఇందులో పిల్లలే పిల్లలకు సాయం చేస్తారు, రోజుకొక చిన్న ప్రార్థన, నెలకొక సూ. జరికో జీవితం మాత్రం విషాదంగా ముగిసింది. కార్మికుల కోసం ఆదర్శ కర్మాగారం పెట్టాలని పూనుకుని, నమ్మినవాళ్ళ చేతిలో మోసపోయి, అప్పులపాలైంది. లక్షల చందాలకు దారి వేసిన మనిషి పేదరాలినని నగరపాలిక ఇచ్చిన ధ్రువపత్రంతో చివరి రోజులు గడిపింది. 1862లో కన్నుమూసింది. 2022 మే 22న లియోన్‌లో శ్రీసభ ఆమెను ధన్యురాలిగా ప్రకటించింది.

ఎర్ర బండి

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో పుట్టిన బాలయేసు సంఘం ఈ కోవలో ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. అచ్చంగా పిల్లల కోసం, మొదటినుంచీ గృహస్థ స్త్రీల చేతుల్లో నడిచిన సంఘం ఇది. స్థాపకురాలు మేరీ వర్జీనియా మెరిక్ 1866లో పుట్టింది. తండ్రి పేరున్న లాయరు. చిన్నతనంలో కిటికీలోంచి పడి వెన్ను దెబ్బతింది, వెన్నెముక క్షయ ముదిరి ఇక లేచి నడవలేకపోయింది. పడుకునే చదివింది, పడుకునే కుట్టింది, పడుకునే అరవై ఏళ్ళకు పైగా సంఘాన్ని నడిపింది. 1884 క్రిస్మస్ ముందు ఒక పేద తల్లి కడుపులోని బిడ్డకు అవసరమైన బట్టలన్నీ స్నేహితురాళ్ళతో కలిసి కుట్టి పంపింది. పుట్టబోయే బిడ్డకు కావలసినవన్నీ ఒక్క మూటలో కట్టి ఇచ్చే ఆ పద్ధతి ఇవాళ్టికీ సంఘం ముద్ర.

ఆమె ఇంటికి చాకిరీకి వచ్చే స్త్రీ కొడుకు పాల్ అనే పిల్లవాడు. క్రిస్మస్‌కు నీకేం కావాలని మెరిక్ అడిగితే ఎర్ర బండి కావాలని మనసులో ఉందిగానీ, నాన్నకు పని లేదు, ఈసారి మా ఇంట్లో పండగ లేదన్నాడు. బాలయేసుకు ఉత్తరం రాయమంది. వాడు తనదొక్కటే కాకుండా, తన ఈడు పిల్లలందరి ఉత్తరాలూ పట్టుకొచ్చాడు. మెరిక్, ఆమె స్నేహితురాళ్ళు ఒక్కొక్క ఉత్తరం చదివి, అడిగినదే కొని, బాలయేసు పంపాడని చీటీ కట్టి ఇచ్చారు. ఆ చీటీలో ఒక మర్యాద ఉంది. ఇచ్చిన చేయి ఎవరిదో పిల్లవాడికి తెలియదు, కాబట్టి వాడు ఎవరి ముందూ తల వంచనక్కర్లేదు. పాత బొమ్మేదో చేతిలో పెట్టి పంపేయకుండా, వాడు అడిగిందే ఇచ్చారు.

1887లో సంఘం ఏర్పడింది. బట్టల మూటల తర్వాత పట్నపు మురికివాడల పిల్లలను వేసవిలో పల్లె గాలికి తీసుకెళ్ళడం, వాడలో పిల్లలకు ఆటపాటల ఇల్లు, పళ్ళ వైద్యం, జబ్బు తగ్గాక కోలుకునే పిల్లల కోసం మేరీల్యాండ్‌లోని రాక్‌విల్‌లో వసతి, ఇలా ఒక్కొక్కటే వచ్చి చేరాయి. 1915లో అమెరికాలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయం మెరిక్‌కు లెతారె పతకం ఇచ్చింది. 1955లో ఆమె చనిపోయింది. అమెరికాలో ఇప్పుడు నలభైకి పైగా శాఖలున్నాయి. సభ్యురాళ్ళు వేలల్లో ఉంటారు, ఏటా వేల మూటలు కడతారు.

ఈ శాఖలకు డబ్బు వచ్చే దారుల్లో పెద్దది పాతసామాన్ల దుకాణం. వాషింగ్టన్ జార్జ్‌టౌన్‌లో అలాంటిది చాలా ఏళ్ళు నడిచింది. పెద్దింటివాళ్ళు వాడని వెండి పళ్ళేలు, కోట్లు, దీపపు సెమ్మెలు తెచ్చి ఇస్తారు. సభ్యురాళ్ళు జీతం లేకుండా వంతులవారీగా కూర్చుని అమ్ముతారు. కొన్న మనిషికి తక్కువ ధరకు వస్తువు దొరుకుతుంది, ఇచ్చిన మనిషి ఇల్లు ఖాళీ అవుతుంది, మధ్యలో మిగిలింది పిల్లలకు పోతుంది. అడుక్కోవడం అనే ఇబ్బంది ఎవరికీ ఉండదు. ఇదికాక విందులు, కేకుల అమ్మకం, లాటరీ చీట్లు, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో ఇంటింటికీ ఇచ్చే అట్టపెట్టెలు ఉన్నాయి. వీటన్నిటిలోకీ దుకాణమే మెరుగని నా అభిప్రాయం. విందుకు ఒక రాత్రిలో వచ్చే డబ్బు గొప్పగానే కనిపిస్తుందిగానీ, ఆర్నెల్ల తర్వాత ఫీజు కట్టాల్సిన రోజున పనికొచ్చేది దుకాణంలో రోజూ పడే చిల్లరే.

మెల్‌బోర్న్ నుంచి గుంటూరుకు

ఈ చరిత్రలో ఒక దారం నేరుగా గుంటూరు వచ్చి ముడిపడింది. ఆస్ట్రేలియా విక్టోరియా రాష్ట్రంలో 1887లో పుట్టిన మేరీ గ్లౌరీ మెల్‌బోర్న్‌లో వైద్యం చదివి, అక్కడే పేరున్న డాక్టరైంది. 1916లో కతోలిక స్త్రీలు సాంఘిక సమస్యలు చదివి పనిచేయాలని మహిళా సాంఘిక గిల్డ్ పెట్టినప్పుడు తొలి అధ్యక్షురాలిగా ఆమెనే ఎన్నుకున్నారు. ఇవాళ్టి విక్టోరియా కతోలిక మహిళా లీగ్‌కు మూలం ఆ గిల్డే.

అంతకు ఏడాది ముందు ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. భారతదేశంలో వైద్యం అందక చనిపోతున్న తల్లులు, పిల్లల కోసం పాటుపడిన స్కాట్‌లాండ్ వైద్యురాలు ఆగ్నెస్ మెక్‌లారెన్ గురించి ఆ పుస్తకం. అది చదివాక గ్లౌరీ మనసు ఇటు తిరిగింది. స్త్రీల వైద్యంలో, కంటి వైద్యంలో పై చదువు పూర్తి చేసుకుని 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరింది. అక్కడ డచ్ దేశం నుంచి వచ్చిన యేసు మరియ జోసఫ్ సభ కన్యస్త్రీలు, మనవాళ్ళు జె.ఎం.జె. సిస్టర్లనే వాళ్ళు, అప్పటికే పనిచేస్తున్నారు. గ్లౌరీ ఆ సభలో చేరింది. మఠకన్య వైద్యం చేయకూడదన్న నిబంధన ఆ రోజుల్లో గట్టిగా ఉండేది. పోపు 15వ బెనెడిక్ట్ ఆమెకు ప్రత్యేక అనుమతి ఇచ్చాడు.

చిన్న మందుల గదితో మొదలైన పని సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా ఎదిగింది. ఆమె ఎక్కువగా చూసింది కాన్పులు, పసిపిల్లల జబ్బులు, కళ్ళు. ఊళ్ళకు వెళ్ళి చూసేది. స్థానిక అమ్మాయిలకు మంత్రసాని పని, నర్సు పని, మందులు కలిపే పని నేర్పింది. తానొక్కతే ఎంతమందిని చూడగలదో ఆమెకు తెలుసు. 1943లో దేశంలోని కతోలిక ఆసుపత్రులను ఒక్కతాటి మీదికి తెచ్చే సంఘానికి పునాది వేసింది. భారత కతోలిక ఆరోగ్య సంఘం పేరుతో దాని కేంద్రం ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఉంది. 1957 మే 5న బెంగళూరులో క్యాన్సర్‌తో కన్నుమూసింది. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించి పునీత పట్టానికి విచారణ మొదలుపెట్టింది.

ఇవాళ, మన దగ్గర

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విచారణల్లో ఇలాంటి స్త్రీల సంఘాలకు పెద్ద పేరూ ఉండదు, బోర్డూ ఉండదు. ఆదివారం పూజ అయ్యాక గుడి అరుగు మీద నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకావిడ దగ్గర గళ్ళ నోటుపుస్తకం ఉంటుంది. జూన్‌లో బడులు తెరిచేముందు ఎవరి పిల్లకు నోటుపుస్తకాలు కొనాలి, ఎవరి పిల్లవాడికి హాస్టలు ఫీజు బాకీ ఉంది, తండ్రి పోయిన ఇంట్లో ఎవరున్నారు అని మాట్లాడుకుంటారు. షాటియోన్ నాటి వంతుల పద్ధతికి ఇది మరీ దూరమేమీ కాదు. విన్సెంట్ వేసిన పునాది మీద నడిచే స్త్రీల సంఘాలు 1971 నుంచి అంతర్జాతీయ దాతృత్వ సంఘం అన్న పేరుతో యాభైకి పైగా దేశాల్లో ఉన్నాయి.

నోటుపుస్తకం దాటి బ్యాంకు ఖాతాకు వచ్చినప్పుడు చట్టం పట్టించుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లో సంఘం నమోదుకు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. పరదేశాల నుంచి, అక్కడి మన బంధువులు ఆ దేశపు పౌరులైతే వాళ్ళ నుంచి కూడా, విరాళం తీసుకోవాలంటే 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. ఆఫీసు ఖర్చులకు ఐదో వంతు మించి వాడకూడదు. ఒక సంస్థ తీసుకున్నది ఇంకో సంస్థకు పంచకూడదు. చిన్న సంఘాలకు ఈ చివరి నిబంధన గట్టి దెబ్బే. పెద్ద సంస్థల చేతిమీదుగా వచ్చే కొద్దిపాటి డబ్బు వాళ్ళకు ఆగిపోయింది. పిల్లలను ఉంచుకునే ఇల్లు నడపాలంటే 2015 బాలల న్యాయ చట్టం కింద నమోదు తప్పనిసరి.

అదే చట్టంలోని 74వ సెక్షన్ నిధి పోగుచేసే ప్రతి స్త్రీకీ తెలిసి ఉండాలి. రక్షణ అవసరమైన బిడ్డ పేరు, ఊరు, బడి, ఫొటో బయటపెట్టకూడదని అది చెబుతుంది. కన్నీళ్ళ ముఖం ఉన్న పోస్టరుకు విరాళాలు ఎక్కువ వస్తాయి, నిజమే. ఆ ముఖం రేపు ఇరవై ఏళ్ళ అమ్మాయిదవుతుంది. కాలేజీలో తోటివాళ్ళు ఆ పోస్టరు చూడకూడదు. పాల్‌కు కట్టిన చీటీలోని మర్యాద ఇక్కడ కూడా ఉండాలి.

లెక్కలో పిల్లలు

డబ్బు లెక్క సరిగ్గా ఉన్నంత మాత్రాన పిల్లల లెక్క సరిగ్గా ఉన్నట్టు కాదు. ఈ చరిత్రలో ఆ గాయాలూ ఉన్నాయి. చైనాలోని త్యాన్‌జిన్‌లో దాతృత్వ పుత్రికలు అనాథాశ్రమం నడిపేవారు. బిడ్డలను తెచ్చి అప్పగించినవాళ్ళకు కొంత డబ్బు ఇచ్చేవారు. చావుబతుకుల్లో ఉన్న పసివాళ్ళు తమ దాకా చేరాలనే ఆ ఏర్పాటు. కానీ డబ్బు వస్తుందనగానే పిల్లలను ఎత్తుకొచ్చేవాళ్ళు తయారయ్యారన్న పుకారు లేచింది. ఆశ్రమంలో ఎక్కువమంది బిడ్డలు చనిపోవడం ఆ పుకారుకు ఆజ్యం పోసింది. 1870 జూన్ 21న జరిగిన అల్లర్లలో పదిమంది కన్యస్త్రీలను చంపేశారు. ఫ్రాన్సు పల్లెల్లో ఆయాల ఇళ్ళకు వెళ్ళి బిడ్డను కళ్ళారా చూసిన సభే అది. తలకింత అని డబ్బు కట్టినచోట ఎలాంటి అనుమానం పుడుతుందో ఆ రోజు అంత క్రూరంగా తెలిసింది.

ఐర్లండులోని ట్యూమ్ పట్నంలో 1925 నుంచి 1961 దాకా పెళ్ళికాని తల్లులకు, వాళ్ళ పిల్లలకు ఒక ఇల్లు ఉండేది. నడిపింది బాన్ సెకూర్ మఠకన్యలు, తలకింత చొప్పున డబ్బు ఇచ్చింది అక్కడి ప్రభుత్వం. పద్దు నడిచింది. పిల్లల గురించి గట్టిగా అడిగినవాళ్ళు దాదాపు లేరు. చాలా ఏళ్ళ తర్వాత కేథరిన్ కార్లెస్ అనే స్థానిక గృహిణి, చరిత్ర మీద ఇష్టంతో ఆ ఇంటి గురించి వ్యాసం రాద్దామని కూర్చుని, అక్కడ చనిపోయిన పిల్లల మరణ ధ్రువపత్రాలు ఒక్కొక్కటీ తన సొంత డబ్బు కట్టి తెప్పించుకుంది. 796 వచ్చాయి. వాళ్ళలో దాదాపు ఎవరికీ ఊళ్ళోని ఏ స్మశానంలోనూ సమాధి ఉన్నట్టు ఆమెకు దొరకలేదు. 2017లో ప్రభుత్వ విచారణ సంఘం ఆ స్థలంలో, పాత మురుగుతొట్టి పక్కనున్న భూగర్భ గదుల్లో పసిపిల్లల ఎముకలున్నాయని నిర్ధారించింది. 2025 జూలైలో అక్కడ పూర్తిస్థాయి తవ్వకం మొదలైంది. పేరు, వయసు, చనిపోయిన తేదీ, కారణం రాసి ఉన్న కార్లెస్ జాబితా ఇప్పుడు వెతుకుతున్నవాళ్ళ చేతుల్లో ఉంది.